పాత టేకు బల్లకు స్టెయిన్ పట్టాలంటే

ప్రశ్న: ఒంగోలులో పాత సామాన్ల దుకాణంలో కొన్న టేకు రాతబల్లపై నీలిరంగు పెచ్చులుగా లేస్తోంది. దానిమీదే స్టెయిన్ (చారలు కనబడేలా చెక్కకు పట్టే రంగు) వేయవచ్చునా?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: వేయకూడదండి. స్టెయిన్ చెక్కలోకి ఇంకితేనే రంగు నిలుస్తుంది కనుక, ముందుగా పెయింట్ రిమూవరుతో పాత పొరను మెత్తబరచి పూర్తిగా గీకివేసి, ఆ తరువాత 120, 180 నంబర్ల ఉప్పుకాగితాలతో చెక్క చారల వెంబడే రుద్దాలి. పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉన్నందున, పొరను పొడిగా రుద్ది దుమ్ము లేపవద్దు. పిల్లలను దగ్గరకు రానివ్వవద్దు. టేకులో సహజంగా నూనె ఉంటుంది కాబట్టి థిన్నరుతో తుడిచి, ఆరగానే స్టెయిన్ పూసి, మిగులును గుడ్డతో తీసివేయండి. మీ తీరంలో అక్టోబరు నుంచి డిసెంబరు వరకు కురిసే వానల తేమకు స్టెయిన్ మీద వేసే పాలిష్ తెల్లబారుతుంది, ఎండ కాసే రోజులకోసం ఆగండి. ఇంత మంచి టేకును మళ్లీ పెయింటుతో కప్పడం మాత్రం నాకు సమ్మతం కాదు.