భాస్వరం పేరు వింటే భయమెందుకు?

ఆదోని నుంచి ఒక తండ్రి ఇలా రాశారు: ‘‘మా అమ్మాయి బీఎస్సీ కెమిస్ట్రీ పూర్తి చేసింది. కర్నూలు జిల్లా చిన్నటేకూరు దగ్గర బస్సు కాలిపోయినప్పటి నుంచి, తొందరగా అంటుకోని ప్లాస్టిక్ మీదే పని చేస్తానంటోంది. అనంతపురం శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీ (ఎస్కేయూ)లో పాలిమర్, అంటే ప్లాస్టిక్ లాంటి పదార్థాల ఎమ్మెస్సీ చేస్తుందట. అందులో భాస్వరంతో పని అంట. అగ్గిపెట్టెకు పూసే మందుతో ఆడపిల్లకు పనేంటి సార్? మా తమ్ముడి కొడుకు హైదరాబాద్‌లో డేటా సైన్స్‌లో చేరాడు. ఈమెనూ అక్కడే చేర్పిద్దామా?’’

గాలి తగిలితే భగ్గుమనేది తెల్ల భాస్వరం. మీ అమ్మాయి చెప్పేవి భాస్వరం ఆక్సిజన్‌తో ముందే గట్టిగా కలిసిపోయిన సమ్మేళనాలు. వాటి గుణమే వేరు. మంట తగిలినప్పుడు అవి ఆమ్లంగా మారి, ప్లాస్టిక్ పైన నల్లటి బొగ్గు పొర కట్టిస్తాయి. వేడి లోపలికి, మండే వాయువులు బయటికి పోకుండా ఆ పొర అడ్డుకుంటుంది. ల్యాబ్‌లో జాగ్రత్త ఏ కెమిస్ట్రీకైనా తప్పదు, అది ఆమెకు ఇప్పటికే అలవాటు.

ఈ భాస్వరం సమ్మేళనాన్ని ప్లాస్టిక్‌లో ఊరికే కలిపితే కాలం గడిచేకొద్దీ కొంత బయటికి వచ్చేస్తుంది. అందుకే భాస్వరాన్ని పాలిమర్ గొలుసులోనే, అంటే ప్లాస్టిక్‌లోని పొడవాటి అణువులోనే రసాయనికంగా కట్టేస్తారు. దండ మీద పెట్టిన పువ్వు జారిపోతుంది, దండలో గుచ్చింది నిలుస్తుంది. సర్క్యూట్ బోర్డుల్లో ఉండే ఎపాక్సీ అనే గట్టి ప్లాస్టిక్‌లో డోపో అనే భాస్వరం సమ్మేళనాన్ని ఇలాగే వాడతారు. మంటలు ఆపడానికి వాడిన పాత బ్రోమిన్ రసాయనాల్లో కొన్నింటిని, హానికర రసాయనాలను అరికట్టే అంతర్జాతీయ స్టాక్‌హోమ్ ఒప్పందం కింద 2009లో, 2017లో నిర్మూలించాల్సిన జాబితాలో చేర్చారు. వాటి స్థానంలోకి వేరేవి రావాలి కదా, ఆ పని చేసేవాళ్లు కావాలి.

డేటా సైన్స్ చెడ్డదని నేను అనను. లెక్కలు, ప్రోగ్రామింగ్ ఇష్టమున్న పిల్లలకు అది మంచి దారే. కానీ కొన్ని నెలల కోర్సు, ఒక సర్టిఫికెట్, వెంటనే ఉద్యోగం అనే మాట మీద నాకు నమ్మకం తక్కువ. మీ ఉత్తరంలో తమ్ముడి కొడుకు ఉన్నాడు గానీ, మీ అమ్మాయికి కోడింగ్ ఇష్టమని ఒక్క ముక్క లేదు. ఆమెను అడిగారా? చుట్టాల్లో ఏం చెప్పుకోవాలన్న టెన్షన్ మీది. దాని బరువు ఆ పిల్ల నెత్తిన పెట్టకండి.

ఎమ్మెస్సీ కాగానే పెద్ద జీతం రాదు. ఆదోనిలో ఉండి చేసే ఉద్యోగమూ కాదు. హైదరాబాద్, పుణె, గుజరాత్ వైపు వెళ్లాల్సి రావచ్చు. కొత్త పదార్థం తయారు చేయాలనుంటే ఎమ్మెస్సీ, ఆపైన పీహెచ్‌డీ. ఫ్యాక్టరీలో తయారీ, టెస్టింగ్ ఇష్టమైతే ప్లాస్టిక్ రంగంలో శిక్షణ ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ సిపెట్ విజయవాడలో ఉంది, అక్కడి పీజీ డిప్లొమా చూడండి. చదివిన కెమిస్ట్రీ ఏ దారిలోనూ వృథా పోదు, ఆ భయం వదిలేయండి.

ఒకరోజు మీరే ఆమెను అనంతపురం తీసుకెళ్లండి. డిపార్ట్‌మెంట్‌లో సీనియర్లను కలిసి, పోయిన బ్యాచ్ వాళ్లు ఎక్కడ పని చేస్తున్నారో అడగండి. హైదరాబాద్ ఇన్‌స్టిట్యూట్‌నూ అదే ప్రశ్న అడగండి. ఫీజు మాత్రం ఆ తర్వాతే కట్టండి.