ఫ్రీగా వస్తున్నదానికి డబ్బు ఎందుకు కట్టాలి?

ప్రశ్న: అమ్మకి పార్కిన్సన్స్. ఇలాంటి పేషెంట్లను ఇంట్లో చూసుకునేవాళ్ల ఆన్‌లైన్ గ్రూపులో మూడేళ్లుగా ఉన్నాను. యాడ్స్ ఉండవు, ఇద్దరు వాలంటీర్లు నడుపుతున్నారు. ఈమధ్య వాళ్లు "ఇష్టమైతే నెలనెలా కొంత ఇవ్వండి, ఇవ్వకపోయినా అన్నీ ఇప్పటిలాగే చూడొచ్చు" అన్నారు. నేను ఇద్దామనుకుంటుంటే, ఊరికే వచ్చేదానికి డబ్బులా అని మా తమ్ముడు నవ్వుతున్నాడు. అమ్మ గుమ్మం దగ్గర కాళ్లు అతుక్కుపోయినట్టు ఆగిపోతుంటే, నేల మీద అడ్డంగా రంగు టేపు గీతలు అంటించమని ఆ గ్రూపులోనే ఎవరో చెప్పారు, ఇప్పుడు గీత దాటినట్టు దాటేస్తోంది. కాకపోతే నాకు క్రెడిట్ కార్డు బాకీ ఇంకా కొంత ఉంది. ఇది దానమా, ఖర్చా? ఎంత ఇవ్వొచ్చు?

జవాబు: మీ తమ్ముడి లెక్కలో తప్పులేదు, అది సగం లెక్క అంతే. కట్టినా కట్టకపోయినా దొరికేదానికి కట్టకుండా ఉండటమే ఒక్క మనిషికి లాభం. ఆర్థికశాస్త్రంలో దీన్ని ఫ్రీ రైడర్ సమస్య అంటారు. గ్రూపు పెద్దదయ్యేకొద్దీ "ఇంతమందిలో ఎవరో ఒకరు కడతార్లే" అనే ధీమా పెరుగుతుంది. మరి జనం ఎందుకు కడుతున్నారు? కొంత తృప్తి కోసం, అందులో సిగ్గుపడాల్సిందేం లేదు. ఇచ్చినప్పుడు మనసుకి కలిగే హాయి కూడా ఇచ్చేవాడికి దక్కే ప్రతిఫలమే అని జేమ్స్ ఆండ్రియోని అనే ఆర్థికవేత్త 1990లో సిద్ధాంతంగానే రాశాడు. కానీ ఎవరైనా నన్ను అడిగితే నేను తృప్తి సంగతి పక్కన పెట్టి రెండు విషయాలు చెప్తాను.

మొదటిది, ఊరికే నడిచేది ఏదీ లేదు. సర్వర్ అద్దె, డొమైన్ రెన్యువల్, బ్యాకప్‌లు, సభ్యులు పెట్టే ఫొటోలకి చోటు, ఇవన్నీ కంటికి కనిపించే బిల్లులు. అసలు ఖర్చు మనుషుల టైము. అర్ధరాత్రి ఎవడో వచ్చి పార్కిన్సన్స్ పూర్తిగా నయం చేసే పొడి అమ్ముతుంటే, భయంలో ఉన్నవాళ్లు ఆర్డర్ పెట్టకముందే దాన్ని తీసేయడానికి ఒకరు మేలుకుని ఉండాలి కదా! ఈ డబ్బు సభ్యులు ఇవ్వకపోతే యాడ్స్ వాళ్లు ఇస్తారు, మీ గ్రూపులాంటి చోట నాకు భయం అక్కడే. ఏ మందు వాడుతున్నారు, డోసు ఎప్పుడు పెంచారు, రాత్రి నిద్ర పడుతోందా లేదా, ఇవన్నీ మీరు అక్కడ మనసువిప్పి రాస్తారు. యాడ్స్ మీద బతికే చోట ఆ రాతలే సరుకు. ఆ పొడి అమ్మేవాడే స్పాన్సర్ అయ్యాడనుకోండి, అతని పోస్టు ఎవరు తీస్తారు?

రెండోది, ఇలాంటివి మూతపడతాయి. గూగుల్ వాళ్ల సోషల్ నెట్‌వర్క్ ఆర్కుట్ 2014 సెప్టెంబరులో ఆగిపోయింది. యాహూ గ్రూప్స్‌ని 2020 డిసెంబరులో పూర్తిగా మూసేశారు, అంతకు ఏడాది ముందే పాత సంభాషణలు, ఫైళ్లు వెబ్ నుంచి తీసేయడం మొదలుపెట్టారు, వాటిలో చిన్నచిన్న గ్రూపులవాళ్లు ఏళ్ల తరబడి పోగేసుకున్న సమాచారం ఉంది. రెండూ పెద్ద కంపెనీలవే, వాళ్లకి డబ్బు లేక కాదు, ఆ గ్రూపుల అవసరం తీరిపోయింది. అదే వికీపీడియా చూడండి, 2001లో మొదలై ఇన్నేళ్లుగా యాడ్స్ లేకుండా నడుస్తోందంటే, చదివేవాళ్లలో కొద్దిమందే అయినా తలా కాస్త ఇస్తున్నారు కాబట్టే. అందరూ కట్టక్కర్లేదు, కొందరు కడితే చాలు. ఆ కొందరిలో మీరు ఉండాలా అన్నదే ప్రశ్న, దానికి నేను క్లయింట్లకి చెప్పే పరీక్ష ఒకటుంది. వచ్చే నెల ఈ గ్రూపు ఉండదు అంటే మీకు ఏమవుతుంది? "అయ్యో పాపం" అనుకుని మర్చిపోయేదైతే కట్టొద్దు. ఆ టేపు గీతల్లాంటి మాట మళ్లీ ఎక్కడ దొరుకుతుందా అని టెన్షన్ పడేదైతే మీకు అది ఇప్పటికే ఇంటి ఖర్చుల్లో ఒకటి, ఇన్నాళ్లూ బిల్లు రాలేదంతే.

అందుకే దీన్ని దానం పద్దులో రాయొద్దు. దానం మిగిలితే ఇచ్చేది, మిగలకపోతే ఆగిపోయేది. దీన్ని ఇంటర్నెట్ బిల్లు పక్కన రాసుకోండి. పన్ను మినహాయింపు కూడా లెక్కలో వేసుకోవద్దు. నడిపేది మినహాయింపు ఉన్న రిజిస్టర్డ్ సంస్థ అయితే, రసీదు ఇస్తే అప్పుడు చూద్దాం. ఇద్దరు వ్యక్తులు సొంత ఖాతాలోకి తీసుకుంటున్నారంటే మామూలుగా ఆ ఆశ ఉండదు.

ఇక ఎంత అన్నది. నెలకి అరగంట సంపాదన. నెలకి రెండొందల గంటలు పనిచేసే మనిషికి అది జీతంలో పావు శాతం. పెద్ద మొత్తమేం కాదు, కానీ ఏ నెలా ఆగకూడదు. విజ్ఞప్తి చదివి కళ్లు చెమర్చిన రాత్రి అంకె వేసుకోవద్దు, ఏడాదికోసారి బడ్జెట్ రాసుకునేటప్పుడు వేసుకోండి.

మీ విషయంలో ఒక మెలిక ఉంది, కార్డు బాకీ. కార్డు వడ్డీని మించిన రాబడి ఏ పెట్టుబడీ ఖాయంగా ఇవ్వదు కాబట్టి చేతిలో మిగిలిన ప్రతి రూపాయీ ముందు అటే వెళ్లాలని మామూలుగా అంటాను, ఇప్పుడూ అంటాను. ఇక్కడ మాత్రం కొత్త డబ్బు అక్కర్లేదు. మీ స్టేట్‌మెంట్‌లో నెలనెలా కట్ అవుతున్న సబ్‌స్క్రిప్షన్లు వెతకండి. అందరి స్టేట్‌మెంట్‌లోనూ చూడటం మానేసిన వీడియో యాప్ ఒకటైనా ఉంటుంది. దాన్ని ఆపేసి, అందులో అరగంట సంపాదనంత గ్రూపుకి, మిగతాది కార్డుకి. ఆపడానికి ఏమీ దొరకలేదా, బాకీ తీరేదాకా డబ్బు ఇవ్వొద్దు, కొత్తగా చేరినవాళ్ల ప్రశ్నలకి మీకు తెలిసింది రాయండి. అది కూడా ఇవ్వడమే, కాకపోతే సర్వర్ అద్దె దానితో తీరదు, బాకీ తీరాక మొదలుపెట్టండి.

కట్టే పద్ధతిలోనూ డబ్బు పోతుంది. ఆన్‌లైన్ చెల్లింపులు నడిపే కొన్ని పేమెంట్ గేట్‌వేలు ప్రతి లావాదేవీకి శాతంతో పాటు కొంత స్థిరమైన రుసుము తీసుకుంటాయి, మీరిచ్చే చిన్న మొత్తాన్ని పన్నెండుసార్లు పంపితే పన్నెండుసార్లూ కోత పడుతుంది. అలాంటి చోట ఏడాదికోసారి ఇస్తే గ్రూపు నడిపేవాళ్ల చేతికి ఎక్కువ వెళ్తుంది. కానీ ఏడాది డబ్బు ముందే ఇచ్చాక మధ్యలో మూతపడితే తిరిగి రాదు, కాబట్టి మొదటి ఏడాది మూడు నెలలకోసారి ఇచ్చి చూడండి. ఆటో డెబిట్ పెట్టారంటే రెన్యువల్ తేదీకి వారం ముందు ఫోన్లో రిమైండర్ కూడా పెట్టండి. వేరే కరెన్సీలో కడుతుంటే కార్డువాళ్లు వేసే మార్పిడి చార్జీ ఎంతో ముందే చూసుకోండి.

మొదటి విడత పంపేముందు ఆ ఇద్దరినీ మూడు సంగతులు అడగండి. డబ్బు ఎవరి ఖాతాలో పడుతోంది, ఏడాదికి ఎంత వచ్చి ఎంత ఖర్చయిందో సభ్యులకి చూపిస్తారా, రేపు వాళ్లిద్దరికీ చేతకాకపోతే పాస్‌వర్డులు ఇంకెవరి దగ్గరైనా ఉన్నాయా. మూడోదానికి చాలా గ్రూపుల్లో జవాబు ఉండదు, "ఇంకా ఆలోచించలేదు" అని నిజం చెప్పినా నేనైతే కడతాను. లెక్కలు చూపించమంటే కోపం తెచ్చుకున్నారంటే మాత్రం ఆ డబ్బు కార్డుకే కట్టేయండి.