టెక్ సందేహాలు: ఓటీపీ నెట్ సెంటర్ ఫోన్‌కి వెళ్తోంది, ఏం చేయాలి?

నల్గొండ నుంచి ఒక బీఎస్సీ విద్యార్థిని ప్రశ్న: "స్వయం (కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల సైట్)లో ఐఐటీల వాళ్లు నడిపే ఎన్‌పీటెల్ కెమిస్ట్రీ కోర్సులో చేరాను. నెట్ సెంటర్ అన్నే మెయిల్ క్రియేట్ చేసి చేర్పించాడు. ఇప్పుడు పరీక్షకి రిజిస్టర్ చేసుకుందామంటే ఓటీపీ ఆయన ఫోన్‌కి వెళ్తోంది. వేరే మెయిల్‌తో పరీక్ష రాయొచ్చా?"

కుదరదమ్మా. కోర్సులో ఏ మెయిల్‌తో చేరారో పరీక్షకీ అదే వాడాలి. 12 వారాల కోర్సులో బాగా చేసిన 8 అసైన్‌మెంట్ల సగటుకి 25 మార్కులు, సెంటర్‌కి వెళ్లి రాసే పరీక్షకి 75. ఆ 25 పాత మెయిల్ మీదే ఉన్నాయి కాబట్టి కొత్తది తెరవకండి, ఉన్నదాన్నే మీ చేతికి తెచ్చుకోండి.

ఒకసారి ఆ నెట్ సెంటర్‌కి వెళ్లి, ఆయన ఎదురుగానే మీ ఫోన్‌లో లాగిన్ అవ్వండి. ఓటీపీ చదివి చెప్పమనండి. గూగుల్ అకౌంట్‌లో సెక్యూరిటీలోకి వెళ్లి, రికవరీ ఫోన్ (అకౌంట్ తెరుచుకోకపోతే కోడ్ వచ్చే నంబరు) దగ్గర ఆయన నంబరు తీసేసి మీది పెట్టండి. రికవరీ మెయిల్ కూడా చూడండి, చాలామంది దాన్ని వదిలేస్తారు. తర్వాత పాస్‌వర్డ్ మార్చి, 'మీ డివైజులు'లో మీవి కాని కంప్యూటర్లన్నిటినీ సైన్ అవుట్ చేయండి. నంబరు మార్చాక కూడా 7 రోజుల దాకా పాత నంబరుకి కోడ్ పంపే వీలు గూగుల్ ఉంచవచ్చు. అందుకని పరీక్ష ఫీజు చివరి తేదీ దాకా ఆగొద్దు, ఈ వారమే వెళ్లండి.

జనవరి, జూలై సెమిస్టర్లు మొదలైనప్పుడల్లా నాకు ఇదే ఫిర్యాదు వస్తుంది. కోర్సు పోతే మరో సెమిస్టర్‌లో చేరొచ్చు. మెయిల్ పోతే? స్కాలర్‌షిప్‌కీ, పీజీ ఎంట్రన్స్‌కీ, రేపు ఉద్యోగం దరఖాస్తుకీ ఇచ్చేది అదే మెయిల్. అది ఎవరి ఫోన్‌కి కట్టేసి ఉంటే మీ చదువు తాళం వాళ్ల దగ్గర ఉన్నట్టే.

మొన్న ప్రింట్ కోసం ఒక నెట్ సెంటర్‌కి వెళ్తే కౌంటర్ మీద పొడుగాటి లెక్కల పుస్తకం కనిపించింది. ప్రతి వరసలో పేరు, మెయిల్, పాస్‌వర్డ్. పాస్‌వర్డులన్నీ ఒకే అచ్చు: పేరు, దాని వెనక 123. కొట్టేసి కొత్తది రాసిన వరస ఒక్కటీ లేదు. పిల్లలు మర్చిపోయి వస్తే చెప్పడానికే రాసుకున్నానన్నాడు, నేనూ నమ్మాను. కానీ ఆ పుస్తకాన్ని ఎవరైనా తిప్పి చూడొచ్చు, ఫోన్‌తో ఫొటో తీసుకోవచ్చు. అందులో సగానికి పైగా ఆడపిల్లల పేర్లే.

కాలేజీల మీద నాకు ఇంతకన్నా కోపం ఉంది. చేరినవాళ్ల సంఖ్య చూపించడానికి క్లాసు మొత్తం మెయిల్స్, పాస్‌వర్డులు ఒక ఎక్సెల్ షీట్‌లో రాయించి వాట్సాప్ గ్రూపులో పెడుతున్నారు. సారు అడిగితే ఇవ్వనని పిల్లలు ఎలా అంటారు? ప్రిన్సిపాళ్లకు నా మాట ఇదే: కావాలంటే కోర్సులో చేరినట్టు స్క్రీన్‌షాట్ అడగండి. పాస్‌వర్డ్ అడిగే హక్కు మీకు లేదు. ప్లాట్‌ఫాం తయారుచేసినవాళ్లు కూడా ఆలోచించాలి. ల్యాబ్‌లో ఒకే కంప్యూటర్ మీద పదిమంది పిల్లలు వరసగా లాగిన్ అవుతారని ముందే అనుకుని ఉంటే, లాగౌట్ బటన్‌ను ఎక్కడో మూల మెనూలో దాచేవాళ్లు కాదు. ల్యాబ్‌లో బ్రౌజర్‌ను గెస్ట్ మోడ్‌లోనే (మూసేయగానే మీ లాగిన్ చెరిగిపోయే పద్ధతి) తెరవండి. 'పాస్‌వర్డ్ సేవ్ చేయమంటారా' అంటే వద్దనండి.

కరీంనగర్ నుంచి మరొకరు వీడియోలు మధ్యలో ఆగిపోతున్నాయన్నారు. ఎన్‌పీటెల్ సైట్‌లో చాలా పాఠాలకు ట్రాన్‌స్క్రిప్ట్‌లు (వీడియోలో చెప్పిన మాటలు రాసిపెట్టినవి) పీడీఎఫ్‌గా ఉన్నాయి, కొన్ని కోర్సులకు తెలుగులోనూ దొరుకుతాయి. ముందు అవి దించుకుని చదవండి, అర్థంకాని చోటుకే వీడియో పెట్టుకోండి.