తుపాకీ సంగతి తర్వాత, ముందు మాంసం దించే దారి చూసుకోండి

టెక్సాస్‌లో వైట్‌టెయిల్ జింకల వేట అలవాటైందని, వచ్చే సెప్టెంబరులో కొలరాడో వైల్డర్‌నెస్‌లో (చట్టం రక్షణ ఉన్న అడవి ప్రాంతంలో) మ్యూల్ డీర్ అనే కొండ జింక వేటకు వెళ్లాలనుకుంటున్నారని, ఏ రైఫిల్ కొనాలని అడిగారు. ఏదీ వద్దండీ, ఉన్నది చాలు. ఆ డబ్బు మంచి బూట్లకు, బైనాక్యులర్స్ నిలబెట్టే ట్రైపాడ్‌కు పెట్టండి.

నేనూ డాలస్ నుంచే వెళ్తుంటాను. నా లెక్క ఎప్పుడూ మాంసం దగ్గరే మొదలవుతుంది. ఎదిగిన మగ జింకకు ఎముకలు తీసేశాక కూడా ముప్పై కిలోలకు అటూఇటూ మాంసం ఉంటుంది. దానికి కొమ్ములు, గుడారం, పడక సామాను కలపండి. వైల్డర్‌నెస్‌లో మోటారు బండే కాదు, చక్రాలున్న తోపుడు బండికీ అనుమతి లేదు. వీపు మీద దించాలి, లేదా గుర్రాలవాళ్లతో ముందే మాట్లాడుకోవాలి. సెప్టెంబరు ఎండకు తుంటి కీలు దగ్గర మాంసం ముందుగా పాడవుతుంది. చర్మం వెంటనే ఒలిచి, గుడ్డ సంచుల్లో నీడన వేలాడదీయాలి. అందుకే మ్యాపులో జింకలున్న చోటు కన్నా ముందు నేను మోయగల దూరానికి గీత గీసుకుంటాను. కొండ చరియ అంచున నిలబడ్డ జింక ఎంత పెద్దదైనా, అది పడే చోటికి చేరలేనని తోస్తే కాల్చను.

కొలరాడోలో ట్యాగు (ఒక జింకను వేటాడే అనుమతి చీటీ) కోసం తీసే డ్రాకు దరఖాస్తు గడువు ఏప్రిల్ మొదట్లోనే ముగుస్తుంది. టెక్సాస్ వేట శిక్షణ కార్డు అక్కడ చెల్లుతుంది. మీరు హెచ్-1బీ మీద ఉంటే మాత్రం జాగ్రత్త: గడువు తీరని వేట లైసెన్సో, చట్టం ఒప్పుకున్న మరో మినహాయింపో లేకుండా తుపాకీ దగ్గర ఉంచుకోవడమే ఫెడరల్ నేరం. ట్యాగు రాకపోతే వయోమింగ్ చూద్దామనుకుంటారేమో. అక్కడి వైల్డర్‌నెస్‌లో బయటి రాష్ట్రంవాళ్లు గైడు లేదా అనుమతి పొందిన స్థానికుడు తోడు లేకుండా జింకను వేటాడకూడదు. (ఈ నిబంధన నాకు అస్సలు నచ్చదు, కానీ చట్టం చట్టమే.)

కొలరాడో కొండల్లో మచాన్ మీద కూర్చుంటే పని జరగదు. తెల్లవారకముందే ఎదురు వాలు మీద కూర్చుని, రాతి గోడల కింది నీడను అంగుళం అంగుళం వెతకాలి. మొదట జింక కనపడదు. కదిలే చెవి కనపడుతుంది. ఎండెక్కాక గాలి పైకి వీస్తుంది కాబట్టి మీ వాసన జింకకు అందకుండా పైనుంచి దిగండి. వాలులో దూరం మోసం చేస్తుంది: నలభై డిగ్రీల కోణంలో దూరం కొలిచే పరికరం 400 గజాలు చూపిస్తే, గురి 306 గజాలకు పెట్టాలి.

తిరుగు ప్రయాణంలో మెదడు, వెన్నెముక వెంట తేకండి. జింకల్లో వ్యాపించే సీడబ్ల్యూడీ రోగం వల్ల చాలా రాష్ట్రాలు వాటిని సరిహద్దు దాటనివ్వవు.