మేస్త్రి వచ్చాడు, కూలీ రాలేదు

ప్రశ్న: మా అన్నయ్య వాడి పక్కన పెట్టిన ల్యాప్‌టాప్‌లో ఉబుంటు (లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) వేసుకున్నాను. జీసీసీ కంపైలర్‌తో సీ ప్రోగ్రాములు బాగానే నడుస్తున్నాయి. సీ++ ఫైలు ఇస్తే మాత్రం సీసీ1ప్లస్‌ను నడపలేనని, అలాంటి ఫైలు లేదని ఎర్రగా చూపిస్తోంది. జీసీసీ తీసేసి రెండుసార్లు మళ్లీ వేశాను, అదే వరస. ఉబుంటునే మళ్లీ వేయమంటారా సార్?
– డిప్లొమా విద్యార్థిని, కావలి

జవాబు: వద్దమ్మా, ఉబుంటు జోలికి పోవద్దు. నువ్వు వేసిన జీసీసీలో లోపమేమీ లేదు. అందుకే పదిసార్లు వేసినా అదే వస్తుంది.

మాది విడవలూరు వైపు. నాట్లప్పుడు మేము మాట్లాడుకునేది మేస్త్రితో, నాటేది మాత్రం ఆయన తెచ్చే ముఠా. మనం రాసిన ప్రోగ్రామును కంప్యూటర్ నడపగలిగే రూపంలోకి మార్చే (కంపైల్ చేసే) పనిలో జీసీసీ కూడా అచ్చం మేస్త్రే. సీ ఫైలిస్తే సీసీ1ను, సీ++ ఫైలిస్తే సీసీ1ప్లస్‌ను పిలుస్తుంది. ఆ తర్వాత యంత్రభాషలోకి మార్చే అసెంబ్లర్, చివర ముక్కలన్నీ కలిపే లింకర్. ఉబుంటులో సీసీ1ప్లస్ జీసీసీ ప్యాకేజీలో ఉండదు, జీ++ ప్యాకేజీలో వస్తుంది. నువ్వు మేస్త్రిని మార్చి మార్చి పిలుస్తున్నావు, రానిది కూలీ.

ముందు ఖాయం చేసుకో. టెర్మినల్‌లో 'జీసీసీ -ప్రింట్-ప్రోగ్-నేమ్=సీసీ1ప్లస్' అని కొట్టు (ఇంగ్లీషు అక్షరాల్లోనే సుమా). ఫోల్డర్లతో సహా పూర్తి దారి చూపిస్తే ఉన్నట్టు. ఉత్త పేరే తిరిగొస్తే లేనట్టు.

లేకపోతే 'సుడో యాప్ట్ అప్‌డేట్', ఆ వెంటనే 'సుడో యాప్ట్ ఇన్‌స్టాల్ బిల్డ్-ఎసెన్షియల్'. నీ పనికి జీ++ ఒక్కటే చాలు గానీ, ఇదైతే మేక్, సీ లైబ్రరీ హెడర్లు కూడా కలిసొస్తాయి. ఇక నుంచి సీ++ ఫైళ్లను జీ++తోనే కంపైల్ చెయ్యి. జీసీసీకిస్తే కంపైల్ చేస్తుంది గానీ సీ++ లైబ్రరీని లింకుకు కలపదు, 'అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్' అంటూ తెర నిండిపోతుంది.

అప్పటికీ రాకపోతే జీసీసీ, జీ++ రెంటి వెర్షన్లూ చూడు. ఇది నా నెత్తికి చుట్టుకున్న సంగతే. ఒకసారి సరదాపడి జీసీసీ 12 వేసి, జీ++ మాత్రం 11దే ఉంచాను. 12వ నంబరు మేస్త్రి తన ముఠాలోనే వెతుకుతాడు, పక్క ముఠా మనిషి గట్టు మీద ఖాళీగా కూర్చున్నా పిలవడు. ఆ ఆదివారమంతా దానికే పోయింది. చేపల పులుసు చల్లారిపోయాక తిన్నాను. జీ++ 12 వేస్తే రెండు నిమిషాల పని!

ఇంకొకటి. ల్యాబ్ పుస్తకంలో 'కోనియో.హెచ్' అనే హెడర్ ఫైలు ఉంటే దాని కోసం వెతకొద్దు. అది టర్బో సీ (పాత డాస్ కంపైలర్) నాటి సామాను, లైనక్స్ జీసీసీతో రానే రాదు. ఆ లైనూ, దాంతోపాటు క్లియర్‌స్క్రీన్, గెట్‌సీహెచ్ పిలుపులూ తీసెయ్. 'ఐఓస్ట్రీమ్.హెచ్' అని ఉంటే చివరి '.హెచ్' కొట్టేసి, కింద 'యూజింగ్ నేమ్‌స్పేస్ ఎస్‌టీడీ' చేర్చు. పరీక్షలో ఆ పాత పద్ధతే రాయమంటే రాసెయ్, వాళ్లతో వాదన పెట్టుకోకు.