టెక్ సందేహాలు: గ్రైండరు మాట ఫోనుకెలా తెలిసింది?

ప్రశ్న: పోయిన ఆదివారం రాజమండ్రిలో మా బావమరిది ఇంటికి వెళ్లాం. భోజనాల దగ్గర మా ఆవిడ, వాళ్లావిడ కలిసి వాళ్లు కొత్తగా కొన్న గ్రైండరు గురించి అరగంట మాట్లాడుకున్నారు. నేను ఫోను ముట్టుకోలేదు. రాత్రి ఇంటికొచ్చి ఫేస్‌బుక్ తెరిస్తే మొట్టమొదటి ప్రకటన గ్రైండరుదే. ఫోను మన మాటలు వింటోందనడానికి ఇంతకన్నా ఏం కావాలి? – తణుకు నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఇలాంటి ఉత్తరం నాకు తరచూ వస్తుంది. ఒకసారి మోకాళ్ల నొప్పుల తైలం, ఇంకోసారి కాశీయాత్ర ప్యాకేజీ. వస్తువు మారుతుంది గానీ అనుమానం మారదు. దాన్ని నేను కొట్టిపారేయను, ఎందుకంటే ఈ కంపెనీలు నమ్మకం నిలబెట్టుకునే పనులు పెద్దగా చేయలేదు. యాపిల్ సంగతే చూడండి. ఐఫోన్‌లో మాటతో పనులు చేసిపెట్టే సిరి, ఎవరూ పిలవకపోయినా పొరపాటున మేల్కొని రికార్డు చేసిన మాటల్ని కాంట్రాక్టు ఉద్యోగులు విన్నారని 2019లో బయటపడింది. ఆ కంపెనీ క్షమాపణ చెప్పింది. దాని మీద నడిచిన కేసును 2025లో 9.5 కోట్ల డాలర్లకు రాజీ చేసుకుంది, తప్పు మాత్రం ఒప్పుకోలేదు.

అయినా మీ గ్రైండరు విషయంలో మైకు మీద నింద వేయడానికి నాకు మనసొప్పడం లేదు. అమెరికాలో నార్త్‌ఈస్టర్న్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 17 వేలకు పైగా ఆండ్రాయిడ్ యాప్‌లను పట్టుకుని, అవి బయటికి ఏం పంపుతున్నాయో గమనించారు. 2018లో ఫలితాలు వెల్లడించారు. దొంగచాటుగా మైకు తెరిచి మాటలు పంపిన యాప్ ఒక్కటీ వాళ్లకు దొరకలేదు. దొరికింది ఇంకొకటి: కొన్ని యాప్‌లు తెర మీద మనం చేసేదంతా వీడియో తీసి వేరే కంపెనీలకు పంపుతున్నాయి. వెతికిన దొంగ దొరకలేదు, వెతకని దొంగ దొరికాడు.

మరి గ్రైండరు ఎలా వచ్చింది? వాళ్లింట్లో మీ ఫోను వైఫైకి తగిలించారా? తగిలించే ఉంటారు, మనం చెప్పులు విప్పగానే అడిగేది పాస్‌వర్డే కదా. మీ బావమరిది గారింట్లో కొన్ని వారాలుగా ఎవరో గ్రైండర్ల ధరలు వెతికే ఉంటారు. ఆ ఇంటర్నెట్ చిరునామా మీద ఇప్పుడు మీ ఫోను కూడా వచ్చి చేరింది. మీరిద్దరూ ఫేస్‌బుక్‌లో స్నేహితులే అయి ఉంటారు. మధ్యాహ్నమంతా ఒకేచోట ఉన్నారని లొకేషన్ చెబుతోంది. పైగా కొన్న దుకాణంలో వాళ్లు ఫోను నంబరు ఇచ్చి ఉంటారు. దుకాణాలు తమ ఖాతాదారుల నంబర్ల జాబితాను ఫేస్‌బుక్, వాట్సాప్‌ల యజమాని మెటాకో గూగుల్‌కో ఇచ్చి, ‘వీళ్లకూ, వీళ్లలాంటి వాళ్లకూ మా ప్రకటన చూపించండి’ అని అడిగే సదుపాయం ఏళ్ల తరబడి ఉంది. ఇవన్నీ కలిస్తే మైకుతో పనేముంది?

చిన్నప్పుడు మా ఊళ్లో ఒక పెళ్లిళ్ల పేరయ్య ఉండేవాడు. ఎవరి గోడకూ చెవి ఆనించి ఎరగడు. పొద్దున్నుంచీ అరుగు మీద కూర్చుని, ఎవరింటికి ఏ ఊరి చుట్టాలు వచ్చారు, ఎన్ని పూటలున్నారు, వెళ్లేటప్పుడు మొహాలు ఎలా ఉన్నాయి అని చూసేవాడు. ఏ సంబంధం కుదురుతుందో ఆ ఇంటి ఆడపిల్లకన్నా ముందు ఆయనకే తెలిసేది. మీ ఫోనులో కూర్చున్నది ఆ పేరయ్యే. ఒక్క మాటా వినలేదు, అందుకే పట్టుబడడు.

ఇంకో సంగతి. ఆ రాత్రి గ్రైండరుతో పాటు బీమా, ప్లాట్లు, జుట్టు రాలకుండా చేసే నూనె ప్రకటనలు కూడా వచ్చి ఉంటాయి. అవి మీకు గుర్తులేవు. తగిలిన రాయినే మనం లెక్కపెడతాం.

చేయగలిగింది కొంత ఉంది. ఆండ్రాయిడ్ ఫోనైతే సెట్టింగ్స్‌లో ప్రైవసీ, దానిలో యాడ్స్ తెరిచి, ప్రకటనలవాళ్లు మీ ఫోనును గుర్తుపట్టే అడ్వర్టైజింగ్ ఐడీని తొలగించండి. పర్మిషన్ మేనేజర్‌లో మైక్రోఫోన్ నొక్కి, ఆ జాబితా చదవండి. క్యాలెండర్‌కూ టార్చిలైటుకూ మైకు ఎందుకో అడగండి, జవాబు లేకపోతే తీసేయండి. కొత్త ఫోన్లలో మైకు వాడుతున్నప్పుడు తెర పైమూలన ఆకుపచ్చ చుక్క వెలుగుతుంది, ఐఫోన్‌లో నారింజరంగు చుక్క. నేను చెప్పినదాని మీద నమ్మకం కుదరకపోతే ఆ చుక్క మీద ఓ కన్నేసి ఉంచండి.

ప్రశ్న: సూపర్‌మార్కెట్‌లో ఫోను నంబరు చెబితే గానీ బిల్లు వేయమంటున్నారు. చెప్పి తీరాలా? – కూకట్‌పల్లి

జవాబు: అక్కర్లేదు. నంబరు ఇవ్వలేదని సరుకు అమ్మకపోవడం తగదని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మేలో దుకాణాలకు సూచించింది. అయితే సూచన అంటే సూచనే. 2023లోనే డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టమూ వచ్చింది. దాని నిబంధనలు రావడానికి 2025 నవంబరు దాకా పట్టింది. అందులోని అసలు బాధ్యతల అమలుకు కంపెనీలకు మరో 18 నెలల గడువిచ్చారు. అందాకా కౌంటరు దగ్గర మీ నోరే మీకు చట్టం.

పోయిన నెల ఒక బట్టల దుకాణంలో రెండు జతల మేజోళ్లు కొన్నాను. కౌంటరులో ఉన్న అమ్మాయి తల ఎత్తకుండానే ‘నంబరు సర్’ అంది. ఇవ్వనన్నాను. ‘నంబరు కొట్టకపోతే కంప్యూటర్ ముందుకు పోదు సర్.’ నా వెనకాల పెద్దాయన దగ్గాడు. ఆయన వెనకాల చంటిపిల్ల ఏడుపు మొదలైంది. నేను కదలలేదు. ఆ అమ్మాయి మేనేజరు వైపు ఒకసారి చూసి, తొమ్మిది మీటను టకటకా పదిసార్లు కొట్టింది. బిల్లు వచ్చింది. కొట్టిన వేగాన్ని బట్టి అది రోజూ చేసే పనేనని అర్థమైంది. ఆ పది తొమ్మిదుల ఖాతాదారుకు ఈపాటికి ఎన్ని రివార్డు పాయింట్లు పోగయ్యాయో!

వారంటీ ఉన్న వస్తువైతే నంబరు ఇవ్వడంలో అర్థముంది. ఫ్రిజ్‌కు ఇవ్వండి, గ్రైండరుకూ ఇవ్వండి. మేజోళ్లకు దేనికి? అదే నంబరు మీద మీ బ్యాంకు, మీ ఆధార్, మీ గ్యాస్ బండ ఉన్నాయి. వేర్వేరు చోట్ల పడి ఉన్న మీ వివరాల్ని ఒక దారాన గుచ్చేది ఆ పది అంకెలే. తణుకు పాఠకుడు మైకును అనుమానించారు, నేనైతే బిల్లింగ్ కౌంటర్ని అనుమానిస్తాను.

ప్రశ్న: క్రోమ్‌లో ఇన్‌కాగ్నిటో వాడితే హాస్టల్ వైఫై వాళ్లకు నేనేం చూస్తున్నానో తెలియదు కదా? – వరంగల్ నుంచి ఒక విద్యార్థి

జవాబు: ఏ వెబ్‌సైట్లకు వెళుతున్నావో తెలుస్తుంది బాబూ. ఆ ఇన్‌కాగ్నిటో కిటికీ చెరిపేది నీ కంప్యూటర్లో మిగిలే గుర్తుల్నే. అంటే నీ గదిలో ఉండే మిత్రుడి నుంచి దాస్తుంది, వార్డెన్ నుంచి కాదు. గూగుల్ నుంచి కూడా కాదని 2020లో అమెరికాలో కొందరు కేసు వేశారు. 2024లో రాజీ కుదిరి, కొన్ని వందల కోట్ల రికార్డులను చెరిపేయడానికి గూగుల్ ఒప్పుకుంది. చెరపడానికి అన్ని ఉన్నాయంటే దాచినవి ఎన్నో నువ్వే ఊహించుకో.

ప్రశ్న: మా రిటైర్డ్ ఉపాధ్యాయుల వాట్సాప్ గ్రూపులో ఒక సందేశం తిరుగుతోంది. రేపటి నుంచి మూడు టిక్కులు వస్తాయట, రెండు నీలం, ఒకటి ఎరుపు వస్తే ప్రభుత్వం చర్య తీసుకుంటున్నట్టట. ‘నా ఫోటోలు వాడుకోవడానికి నేను అనుమతించను’ అని అందరికీ పంపాలని కూడా ఉంది. పంపాలా? – అనంతపురం

జవాబు: పంపకండి మాస్టారూ. ఆ మూడు టిక్కుల సందేశం ఏళ్లుగా తిరుగుతోంది, అబద్ధమని ప్రభుత్వ సమాచార విభాగమే ఖండించినా చావడం లేదు. ‘అనుమతించను’ అన్న ప్రకటనకూ విలువ లేదు. ఖాతా తెరిచినప్పుడే మనం అంగీకరించాం. రిజిస్ట్రారు ఆఫీసులో సంతకం పెట్టి వచ్చి, ఇంటి గోడ మీద ‘ఒప్పుకోను’ అని రాసుకున్నట్టు ఉంటుంది.

కానీ గ్రూపులో ఎవరైనా ‘అన్నీ పుకార్లే, వాట్సాప్‌లో మనది మనకే’ అంటే అదీ నమ్మకండి. మీ సందేశంలోని మాటల్ని కంపెనీ చదవలేదు, 2016 నుంచి అవి ఒక చివర తాళం వేసి రెండో చివరే తెరిచే పద్ధతిలో వెళుతున్నాయి. అయితే ఎవరితో, ఏ వేళప్పుడు, ఎంత తరచుగా మాట్లాడుతున్నారో దానికి తెలుసు. మళ్లీ మన పేరయ్యే. 2021లో తెచ్చిన గోప్యతా విధానంతో ఇలాంటి వివరాలు మెటాకు చెందిన ఇతర కంపెనీలతో పంచుకోవడానికి ‘ఒప్పుకో, లేదా వెళ్లిపో’ అన్నందుకు మన కాంపిటీషన్ కమిషన్ 2024 నవంబరులో 213.14 కోట్ల రూపాయల జరిమానా వేసింది. 2014లో వాట్సాప్‌ను 1,900 కోట్ల డాలర్లు పెట్టి కొంటున్నట్టు ప్రకటించిన కంపెనీకి అది టీ ఖర్చు.

మీరు చేయాల్సిన పని ఒకటుంది. చాట్‌లు గూగుల్ ఖాతాలోకి బ్యాకప్ అవుతుంటే, మీరుగా పెట్టుకోనిదే దానికి ఆ తాళం పడదు. సెట్టింగ్స్, చాట్స్, చాట్ బ్యాకప్‌లోకి వెళ్లి ఎన్‌క్రిప్షన్ అనే ఆ తాళం పెట్టుకోండి. పాస్‌వర్డు మాత్రం డైరీలో రాసి దాచండి, మరచిపోతే ఆ బ్యాకప్‌ను కంపెనీ కూడా తెరిచి ఇవ్వలేదు.

ప్రశ్న: కొత్త స్మార్ట్ టీవీ బిగించిన కుర్రాడు ‘అంగీకరిస్తున్నాను’ అని నాలుగుచోట్ల వాడే నొక్కేసి వెళ్లిపోయాడు. పర్వాలేదా? – కరీంనగర్

జవాబు: ఆ నాలుగింటిలో ఒకటి బహుశా మీరు చూసేదాన్ని టీవీ చూడడానికి ఇచ్చిన అనుమతి. చాలా స్మార్ట్ టీవీలు తెర మీది బొమ్మలోంచి కొన్ని చుక్కల్ని ఎప్పటికప్పుడు తీసుకుని, తమ దగ్గరున్న కార్యక్రమాల జాబితాతో పోల్చి, మీరు చూస్తున్నది ఏమిటో కనిపెడతాయి. కేబుల్ అయినా, పెన్‌డ్రైవ్‌లో పెట్టుకున్న సినిమా అయినా ఒకటే. విజియో అనే కంపెనీ అమెరికాలో 1.1 కోట్ల టీవీల్లో ఇలా సెకను సెకనుకూ గమనించి, ఆ వివరాలు అమ్ముకుంది. ఇంటివాళ్లను సరిగా అడగలేదన్న ఆరోపణల కేసును ముగించుకోవడానికి 2017లో 22 లక్షల డాలర్లు కట్టింది. టీవీ ధరలు ఎందుకంత తగ్గాయని నన్ను అడిగేవాళ్లకు నేను ఈ కథే చెబుతాను.

ఈ పనికి ఒక్కో కంపెనీ ఒక్కో ముద్దు పేరు పెడుతుంది. ఎల్‌జీ టీవీల్లో ‘లైవ్ ప్లస్’, శామ్‌సంగ్‌లో ‘వ్యూయింగ్ ఇన్ఫర్మేషన్ సర్వీసెస్’. రెండింటిలో ఏ పేరు విన్నా నిఘా అని తోచదు. సెట్టింగ్స్‌లో వెతికి ఆపేయండి, సీరియల్ యథాప్రకారం వస్తుంది.

ప్రశ్న: న్యూజెర్సీలో ఉన్న మా అమ్మాయి తన పాత ఐఫోన్ నాకిచ్చింది. బాగా నెమ్మదిగా ఉంది. కొత్తది కొనిపించడానికి వాళ్లే ఇలా చేస్తారంటున్నారు, నిజమేనా? – విజయనగరం

జవాబు: సగం నిజం. బ్యాటరీ ముసలిదైన ఫోన్లు హఠాత్తుగా ఆగిపోకుండా వేగం తగ్గిస్తున్నామని 2017 డిసెంబరులో యాపిల్ ఒప్పుకుంది. కారణం సబబైనదే, ముందే చెప్పకపోవడం తప్పు. ఆ దాపరికానికి ఫ్రాన్స్ 2020లో 2.5 కోట్ల యూరోల జరిమానా వేసింది. సెట్టింగ్స్‌లో బ్యాటరీ ఆరోగ్యం చూడండి. 80 శాతానికి దిగువన ఉంటే బ్యాటరీ మార్పించండి. కొత్త ఫోను ఖర్చుతో పోలిస్తే అది ఏపాటి?

ప్రశ్న: మీ శీర్షిక చదివి అన్ని యాప్‌లకూ అన్ని అనుమతులూ తీసేశాను. నిన్న సాయంత్రం వానలో క్యాబ్ పిలిస్తే మా వీధి వదిలేసి రెండు వీధుల అవతల ఆగింది. మా అత్తగారు తడిసిపోయారు. మీరేమంటారు? – గుంటూరు నుంచి ఒక పాఠకురాలు

జవాబు: ముందుగా అత్తగారికి నా క్షమాపణలు చెప్పండమ్మా. లొకేషన్ అనుమతి దగ్గర ‘వాడుతున్నప్పుడు మాత్రమే’ అన్న మాట ఉంటుంది. క్యాబ్ యాప్‌కు అది ఇవ్వండి. దాని కిందే ‘ఖచ్చితమైన లొకేషన్’ అన్న మీట ఉంటుంది, అదీ వేసి ఉంచండి. మిగతా యాప్‌లను అలాగే వదిలేయండి.