బడిలో కూరగాయల తోట వేసి పిల్లలతో వంట చేయించాలంటే ఎలా మొదలుపెట్టాలి?

ప్రభుత్వ ప్రాథమిక బడి అయితే ముందు నీళ్ల సంగతి చూడండి. మధ్యాహ్న భోజనం తర్వాత పిల్లలు కంచాలు కడిగే కుళాయి దగ్గరే మడులు వేస్తే ఆ నీళ్లు అరటికీ మునగకీ పోతాయి, సబ్బు నీళ్లు మాత్రం ఆకుకూరలకి వద్దు. స్థలం లేదని ఆగక్కర్లేదు, 2019లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం కుండీల్లో, మేడమీద కూడా పెంచొచ్చు.

జూన్‌లో బడి తెరిచి ఒక వాన పడగానే తోటకూర వేయండి. విత్తనం ఆవగింజకన్నా సన్నం, పిల్లల చేతికిస్తే అంతా ఒకేచోట పోసేస్తారు కాబట్టి గుప్పెడు పొడి ఇసుకలో కలిపి చల్లించాలి. ఇంచుమించు నెలలో కోతకొస్తుంది, అంతకు మించి ఆగమంటే రెండో తరగతి వాళ్లకి ఓపికెక్కడిది! పురుగు పడితే లీటరు నీళ్లలో 50 గ్రాముల వేపగింజల పొడి రాత్రంతా నానబెట్టి, వడకట్టి కొట్టండి.

వంటలో నా లెక్క ఒక్కటే, పొయ్యి వంటామెది, మిగతాది పిల్లలది. గోంగూర తుంచడం, పుల్లలు ఏరడం, మూడు నీళ్లలో కడగడం వాళ్లే చేస్తారు. నానిన పెసరపప్పులో కీరా తురుము, కొత్తిమీర, ఉప్పు, నిమ్మరసం కలిపితే వడపప్పు పూర్తిగా వాళ్ల చేతి వంటే. వంటామెతో మాత్రం ముందురోజే మాట్లాడుకోండి, వంద మందికి పప్పు ఉడికే టైంలో బుట్టెడు ఆకు తెచ్చి ముందు పెడితే ఎవరికైనా చిరాకే. వేసవి సెలవుల్లో నీళ్లు పోసేవాళ్లు దొరక్కపోతే మునగ, కరివేపాకు ఉంచి మిగతా మడులు ఖాళీగా వదిలేయడమే నయం.